ఫీనిక్స్ నగరంలో మేము చూసినవి, తిన్నవి

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ సారు ఫోన్ చేసినప్పుడు మేము టెంపేలో మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద కూర్చుని ఉన్నాం. "అమెరికా గురించి రాయండి. ఊరికే గొప్పలు రాయకండి. రేపు మన పిల్లల్లో ఎవరైనా అక్కడికి వస్తే పనికొచ్చేది రాయండి" అన్నారు సారు. సరేనన్నాం. పదో తరగతిలో కూడా సారు వ్యాసం రాయమంటే సరే అని చివరి రోజు రాత్రి రాసేవాళ్లం. ఇదీ అట్లాగే రాస్తున్నాం, తమ్ముళ్లు మన్నించాలి.

మేము అంటే ఇద్దరం. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా మూడో గదిలో పక్కపక్కన ట్రంకు పెట్టెలు పెట్టుకున్నవాళ్లం. ఆ తర్వాత ఇంజనీరింగు కూడా కలిసే చదివాం. మా ఇద్దరి ఇండ్లల్లోనూ డిగ్రీ పట్టా చేతిలో పట్టుకున్న మొదటివాళ్లం మేమే. అంబేద్కర్ విదేశీ విద్యా నిధి నుంచి వచ్చిన సాయం కొంత, అప్పు కొంత కలిపి 2024 ఆగస్టులో పీజీ చదువుకు ఇక్కడికి వచ్చాం. ఫీనిక్స్ అరిజోనా రాష్ట్రానికి రాజధాని. టెంపే దానికి ఆనుకుని ఉన్న ఊరు. అమెరికా పటంలో కింద ఎడమ వైపు, మెక్సికోకు పైన చూడండి. అంతా ఎడారి.

ముందుగా ఎండ గురించి చెప్పాలి. మాది పాలమూరు, ఎండ మాకేం కొత్త అనుకుంటూ విమానం దిగాం. మేము దిగిన ఆ ఏడాది ఇక్కడ వరుసగా 113 రోజులు వంద డిగ్రీల ఫారెన్‌హీటుకు, అంటే మన లెక్కలో దాదాపు 38 డిగ్రీలకు, తగ్గలేదు. అంతకు ముందు ఏడాది, 2023లో, వరుసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటింది. ఆ ఒక్క ఏడాదిలోనే ఈ జిల్లాలో ఎండ కారణంగా 645 మంది చనిపోయారని ప్రభుత్వం లెక్క చెప్పింది. అంత ధనవంతమైన దేశంలో, ఇంటింటా ఏసీ ఉన్న నగరంలో! ఇల్లు లేని వాళ్లు, ఏసీ చెడిపోయిన ముసలివాళ్లు, ఎండలో పని చేసేవాళ్లు చనిపోయారట. ఎక్కడైనా ఎండ తగిలేది వాళ్లకే అని మాకు అప్పుడు తెలిసింది. కాబట్టి చూడాలనుకున్నవన్నీ నవంబరు నుంచి మార్చి లోపల చూడండి. చలికాలంలో ఇక్కడి పగళ్లు మన దీపావళి రోజుల లాగా హాయిగా ఉంటాయి.

ఇక చూడాల్సినవి. అరిజోనా అనగానే అందరూ "గ్రాండ్ కాన్యన్ చూశారా?" అని అడుగుతారు. అది ఫీనిక్సులో లేదు, కారులో మూడున్నర గంటలు పోవాలి. మాకు కారు లేదు. కాబట్టి మేము చూడలేదు, చూడనిది రాయం. నాలుగు డాలర్లు పెట్టి లైట్ రైలు పాసు కొంటే రోజంతా ఎన్నిసార్లయినా ఎక్కి దిగవచ్చు. మేము చూసినవన్నీ ఆ నాలుగు డాలర్లలోనివే. డాలరంటే ఇప్పుడు 85 రూపాయల పైనే, మొదటి ఆరు నెలలు ప్రతి దాన్నీ రూపాయల్లోకి మార్చుకుని వెనక్కి పెట్టేసేవాళ్లం. ఇప్పుడు కొంచెం తగ్గింది ఆ జబ్బు.

మొదట చూడాల్సింది సెదావ్ వాకి మ్యూజియం. రైలు దిగి కొంచెం నడిస్తే చాలు. 2023 దాకా దీన్ని ప్యూబ్లో గ్రాండే అని స్పానిష్ పేరుతో పిలిచేవారు. ఇప్పుడు ఇక్కడి ఓడం అనే ఆదివాసీల భాషలో పేరు పెట్టారు. లోపల పెద్ద మట్టి దిబ్బ ఉంటుంది. అది చూసి "ఇదేనా?" అనుకున్నాం, అబద్ధమెందుకు. దిబ్బ మీదికెక్కి అవతల ఉన్న పాత కాలువల ఆనవాళ్లు చూశాకే మాకు సంగతి అర్థమైంది. వెయ్యేండ్ల కిందట ఈ ఎడారిలో హోహోకం అని ఇప్పటివాళ్లు పిలిచే జనం సాల్ట్ నది నుంచి వందల మైళ్ల కాలువలు తవ్వి మక్కలు, చిక్కుళ్లు, గుమ్మడి, పత్తి పండించారు. గుర్రం లేదు, ఎద్దు లేదు, ఇనుము లేదు. కర్రలతో, రాతి పనిముట్లతో తవ్వి, మట్టిని గంపలకెత్తి మోశారు. 1450 ప్రాంతంలో ఊళ్లు వదిలి చెదిరిపోయారు. 1867లో జాక్ స్విల్లింగ్ అనే ఆయన ఆ పాత కాలువల జాడ చూసి, కంపెనీ పెట్టి, పూడిక తీయించి నీళ్లు పారించాడు. అట్లా పుట్టిన ఊరే ఇది. బూడిదలోంచి లేచే పక్షి పేరు పెట్టింది అందుకే. ఇప్పటికీ నగరంలో పారే కాలువలు కొన్ని ఆ పాత దారి వెంటే పోతాయి.

మా ఇద్దరి నాయినలూ పాలమూరు లేబరు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని మహారాష్ట్ర, కర్ణాటక ఎక్కడెక్కడికో పోయి కాలువలు తవ్వినవాళ్లు, రోడ్లు వేసినవాళ్లు. మమ్మల్ని హాస్టల్లో చేర్చడానికి సగం కారణం అదే. వాళ్లు వలస పోతే మేము ఎక్కడుండాలి? ఆ దిబ్బ మీద నిలబడి నాయినకు వీడియో కాల్ చేసి కాలువ చూపించాం. అక్కడ రాత్రి పదకొండు. మంచంలోంచి లేచి కండ్లు నులుముకుంటూ చూసి, "ఎవరు తవ్విన్రు, మిషన్లా?" అన్నాడు. కాదు నాయినా, చేతులతోనే, వెయ్యేండ్ల కింద అన్నాం. కాసేపు చూసి "కట్ట మంచిగ కొట్టిన్రు" అన్నాడు. ఆ వెంటనే "కూలి ఎంతిచ్చిన్రంట?" అని అడిగాడు. మ్యూజియం అంతా మళ్లీ తిరిగి చూశాం గానీ, ఆ సంగతి ఎక్కడా రాసి లేదు.

నీళ్ల కథ అక్కడితో అయిపోలేదు. నగరానికి దక్షిణాన గిలా నది ఒడ్డున అకిమెల్ ఓడం, అంటే నది మనుషులు, కాలువల మీద బతికేవాళ్లు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో పైన కొత్తగా వచ్చి స్థిరపడినవాళ్లు నదిని మళ్లించుకోవడంతో కింద వాళ్ల పొలాలు ఎండి కరువు పాలయ్యారు. పండించి ఇతరులకు అమ్మినవాళ్లు సర్కారు రేషన్ కోసం వరుసలో నిలబడ్డారు. వాళ్ల వాటా నీళ్ల ఒప్పందం చట్టమై వచ్చేసరికి 2004. పైన ఆనకట్ట కడితే కింద వాళ్ల గతి ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

రెండవది హర్డ్ మ్యూజియం. 1929లో తెరిచారు. అమెరికా ఆదివాసీల కళలకు పేరున్న మ్యూజియం ఇది. టికెట్ ఎక్కువే, విద్యార్థి కార్డు చూపిస్తే తగ్గిస్తారు, తప్పక చూపించండి. బొమ్మలు, దుప్పట్లు, వెండి సొమ్ములు చూడడానికి రెండు కండ్లూ చాలవు. కానీ మేము రాయదలుచుకున్నది వాటి గురించి కాదు. అక్కడ హాస్టళ్ల గురించి ఒక ప్రదర్శన ఉంది. అవును, హాస్టళ్లే. పందొమ్మిదో శతాబ్దం నుంచి అమెరికా ప్రభుత్వం ఆదివాసీ పిల్లలను తల్లిదండ్రుల దగ్గర నుంచి తీసుకుపోయి దూరంగా బోర్డింగ్ స్కూళ్లలో పెట్టింది. ఇంటి భాష మాట్లాడితే దెబ్బలు. పేరు మార్చారు. జుట్టు కత్తిరించారు. ప్రదర్శనలో ఒక మంగలి కుర్చీ ఉంది. అంతే, ఒక కుర్చీ.

ఆ కుర్చీ దగ్గర మేము చాలాసేపు ఆగాం. మన హాస్టల్లో నెలకోసారి కటింగు మనిషి వచ్చి, వేపచెట్టు కింద స్టూలు వేసి, అరవై మందికి ఒకే తీరు కటింగు చేసి పోయేవాడు గుర్తుందా? మేము దాన్ని నవ్వులాటగా తీసుకునేవాళ్లం. కానీ వాళ్లలో చాలా తెగలకు జుట్టు అంటే నవ్వులాట కాదట, దగ్గరివాళ్లు చనిపోతేనే కత్తిరించుకునేవారట. ఒకే పని ఒకరికి సబ్బు, నూనెలతో పాటు వచ్చే సౌకర్యం, ఇంకొకరికి చావు కబురు. మాకు చప్పున ఏం మాట్లాడాలో తోచలేదు.

అక్కడి నుంచి ఉత్తరానికి మూడు స్టేషన్లు పోతే ఇండియన్ స్కూల్ స్టేషను. పక్కనే పెద్ద పార్కు. పిల్లలు ఆడుకుంటుంటారు, బాతులు ఈదుతుంటాయి. ఆ పార్కు ఉన్న చోటే 1891 నుంచి 1990 దాకా ఫీనిక్స్ ఇండియన్ స్కూల్ నడిచింది. ఇప్పుడు మూడు పాత కట్టడాలు మిగిలాయి: అన్నాల హాలు, మెమోరియల్ హాలు, సంగీతం నేర్పిన చిన్న భవనం. చిన్న భవనంలో స్కూలు చరిత్ర చూపిస్తారు, అది అన్ని రోజులూ తెరిచి ఉండదు, ముందే కనుక్కుని వెళ్లండి. మేము వెళ్లింది 2024 నవంబరులో. అంతకు కొన్ని వారాల ముందే, అక్టోబరు 25న, ప్రెసిడెంట్ బైడెన్ ఫీనిక్స్ దగ్గర గిలా రివర్ ఆదివాసీల స్కూలుకు వచ్చి, ఈ బోర్డింగ్ స్కూళ్ల విషయంలో దేశం తరఫున క్షమాపణ చెప్పాడు. ఆ ఏడాదే ప్రభుత్వం ఇచ్చిన నివేదికలో ఇట్లాంటి స్కూళ్లు దేశమంతటా 417 ఉండేవని, వాటిలో కనీసం 973 మంది పిల్లలు చనిపోయారని రాశారు.

మెమోరియల్ హాలు ఎర్ర ఇటుకల గోడ దగ్గరికి పోయి చూడండి. ఇటుకల మీద పిల్లలు మేకులతోనో రాళ్లతోనో గీకిన పేర్లున్నాయి. మేము వేళ్లు పెట్టి తడిమి చూశాం. మూడో గదిలో కిటికీ పక్కన కాంపస్ ముల్లుతో మా పేర్లు చెక్కినందుకు అప్పటి వార్డెన్ సారు వారం రోజులు మాతో చెట్లకు నీళ్లు పోయించారు. ఆ సంగతి చెప్పుకుని నవ్వుకుంటుంటే బెంచీ మీద కూర్చున్న ఒక ముసలమ్మ "ఏం నవ్వుతున్నారు?" అని అడిగింది.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. అప్పటికి మేము అమెరికా వచ్చి మూడు నెలలు. మా అపార్ట్‌మెంటులో మాతో పాటు ఇంకో ముగ్గురు తెలుగు అబ్బాయిలు ఉండేవారు. వచ్చిన రోజే ఏ ఊరు, ఏ కాలేజీ, ఇంటిపేరేంటి అని అడిగారు. ఆ ప్రశ్నలు ఎందుకు అడుగుతారో మనకు తెలుసు. స్కూలు ఎక్కడ అన్నప్పుడు "మహబూబ్‌నగర్‌లో ప్రైవేటు స్కూలు" అన్నాం. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఆ అబద్ధాన్ని మూడు నెలలు మోశాం. ఏ పండగకు ఏం వండుకునేవారు అంటే ఒకటి కల్పించి, పదిలో ఎక్కడ ట్యూషన్ అంటే ఇంకొకటి.

ఆ ముసలమ్మకు మాత్రం ఏమీ దాచబుద్ధి కాలేదు. "మేము కూడా హాస్టల్లోనే చదివాం, సర్కారు హాస్టలు. గోడ మీద పేర్లు చెక్కి దెబ్బలు తిన్నాం" అని మా వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాం. ఆమె జరిగి మాకు చోటిచ్చింది. వాళ్ల అమ్మమ్మను చిన్నప్పుడే బండిలో ఎక్కించి తీసుకుపోయారట. తాను మాత్రం 1960లలో తన ఇష్టం మీదే ఈ స్కూలుకు వచ్చిందట, తమ దగ్గర హైస్కూలు లేక. ఇక్కడే స్నేహితురాళ్లు దొరికారట. "మూసేసిన రోజు ఏడ్చాను. ఏడ్చినందుకు మా అమ్మమ్మ మీద తప్పు చేసినట్లనిపించింది" అంది. అన్నాల హాలు వైపు చూపిస్తూ "వరుస, వరుస, ఎప్పుడూ వరుసే" అంది. మన ప్లేటూ గ్లాసూ పట్టుకుని నిలబడే వరుస గురించి మేమూ చెప్పాం. కాసేపాగి "మిమ్మల్ని ఎవరు తీసుకుపోయారు?" అని అడిగింది.

మా అమ్మలే అన్నాం. బస్సు ఛార్జీలు అప్పు చేసి, ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని, గేటు దాకా వచ్చి వదిలిపోయారు అన్నాం. "సెలవులకు?" అంది. తీసుకుపోవడానికి వచ్చేవాళ్లు అన్నాం. ఆమె తల ఊపింది. ఇంక ఏమీ అనలేదు. లేచేటప్పుడు, ఆకలయితే ఫ్రై బ్రెడ్ తినండి అని తొవ్వ చెప్పింది.

ఆ తొవ్వ మీరూ రాసుకోండి. పార్కు నుంచి ఏడో అవెన్యూ దాకా ఇరవై నిమిషాలకు పైగా నడక. ఫ్రై బ్రెడ్ హౌస్ అని చిన్న హోటలు. టొహోనో ఓడం, అంటే ఎడారి మనుషులు అనే తెగకు చెందిన సిసీలియా మిల్లర్ 1992లో మొదలుపెట్టింది. 2012లో జేమ్స్ బియర్డ్ ఫౌండేషన్ వాళ్లు దీనికి అమెరికాస్ క్లాసిక్స్ అవార్డు ఇచ్చారు. ఫ్రై బ్రెడ్ అంటే ఏమో అనుకునేరు, పళ్లెమంత పూరీ! మైదా పిండి చేత్తోనే సాగదీసి నూనెలో వేస్తారు. దాని మీద ఉడికించిన చిక్కుళ్లు, చీజు, ఆకుకూర తరుగు వేసి మడిచి ఇస్తారు. లేదా తేనె పోసి ఇస్తారు. ఎర్ర మిరపకాయ కారంలో ఉడికించిన మాంసం వేసింది కూడా ఉంటుంది. ఏ మాంసం అని అడక్కండి, మా ఇండ్లల్లో చిన్నప్పటి నుంచి తెలిసిన కూరే. చాలా రోజులకు కారం కారంగా కడుపు నిండా తిన్నాం. ఒక్కటి తింటే పూట గడుస్తుంది.

ఈ పూరీకీ ఒక కథ ఉంది. 1864లో అమెరికా సైన్యం నవహో ప్రజలను వాళ్ల నేల నుంచి వందల మైళ్లు నడిపించి బోస్కె రెడోండో అనే చోట నిర్బంధించింది. అక్కడ వాళ్ల మక్కలు లేవు, చిక్కుళ్లు లేవు. సర్కారు ఇచ్చిన రేషన్ పిండి, కొవ్వు, ఉప్పు, చక్కెర మాత్రమే ఉన్నాయి. తల్లులు వాటితోనే ఏదో ఒకటి చేసి పిల్లలకు పెట్టాలి కదా. అట్లా వచ్చింది ఈ రొట్టె అని చెబుతారు. ఇప్పుడు ప్రతి ఆదివాసీ పండుగలోనూ ఇదే. చక్కెర జబ్బు తెచ్చింది కూడా ఇదే అని, మానేయాలని వాళ్లలోనే కొందరంటారు. మేము తింటూ ఆలోచించింది మన హాస్టల్ ఉప్మా గురించి. ఇక జన్మలో ఉప్మా ముట్టం అని పదో తరగతి పరీక్షల చివరి రోజున ఒట్టు పెట్టుకున్నాం. టెంపేలో జ్వరం వచ్చిన రోజు చేసుకున్నది ఉప్మానే. వంట అమ్మ చేసినట్లే, కొంచెం అడుగంటించి.

ఆ రోజు రెండు ఫ్రై బ్రెడ్లు పార్సెల్ కట్టించుకుని ఇంటికి పోయాం. టేబుల్ మీద పెట్టి, ఎక్కడికి పోయి వచ్చామో చెప్పి, "మేము చదివింది ప్రైవేటు స్కూల్లో కాదు, సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో" అని చెప్పేశాం. గుండె దడదడ కొట్టుకుంది. ముగ్గురిలో ఒకతను చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీయలేదు, విన్నాడో లేదో ఇప్పటికీ తెలియదు. ఇంకొకతను "ఓహో" అన్నాడు. వారం తిరగకుండా వేరే కుక్కరు, వేరే గిన్నెలు కొనుక్కున్నాడు, కడుపు సరిగా ఉండడం లేదని. డిసెంబరులో క్లాసులకు దూరమవుతోందని వేరే ఇంటికి పోయాడు. ఆ ఇల్లు ఇంకా దూరం. మూడో అతను మాత్రం కుర్చీ లాక్కుని కూర్చుని, రొట్టె తుంచుకుని తింటూ "మా నాన్న బీసీ హాస్టల్లో చదివాడట, మా అమ్మ చెప్పింది. ఆయన నోటితో ఎన్నడూ చెప్పలేదు" అన్నాడు. అతను ఇప్పటికీ మాతోనే ఉన్నాడు. గిన్నెలు తోమే వంతు మాత్రం ఎగ్గొడతాడు.

మిగతావి త్వరగా చెబుతాం. టెంపే పక్కనే గ్వాడలూపే అని చిన్న ఊరు ఉంది. వంద ఏండ్ల కిందట మెక్సికో ప్రభుత్వం వేటాడితే పారిపోయి వచ్చిన యాకీ ఆదివాసీలు కట్టుకున్న ఊరు. అక్కడ మక్క రొట్టెలు, మక్క పొత్తు పొట్టులో చుట్టి ఆవిరి మీద ఉడికించే తమాలెలు తినండి. మక్కలను సున్నపు నీళ్లలో నానబెట్టి రుబ్బుతారు, వాసన మన జొన్నరొట్టెను గుర్తు చేస్తుంది. తెలుగు వాళ్ల బిర్యానీ హోటళ్లు కూడా ఉన్నాయి గానీ, దానికోసం ఇంత దూరం రానక్కరలేదు.

1939లో పెట్టిన డెజర్ట్ బొటానికల్ గార్డెన్‌లో రెండంతస్తుల ఎత్తున సవారో జెముళ్లు ఉంటాయి. వాటికి ఒక చేయి మొలవడానికే యాభై, డెబ్బై ఏండ్లు పడుతుందట. మన చేను గట్ల మీద నాగజెముడు, చెరువుల్లో సర్కారు తుమ్మ, రెండింటి పుట్టిల్లూ అమెరికా ఖండమే. సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం మెస్కీట్ చెట్టు ఇక్కడ ప్రతి వీధిలో ఉంది. దాని కాయలను ఎండబెట్టి పిండి కొట్టి ఆదివాసీలు తినేవారు, తియ్యగా ఉంటుంది. మా అమ్మకు చెబితే నమ్మలేదు. ఆమెకు తెలిసినవి దాని ముండ్లు, దాని బొగ్గు. ఆ పక్కనే పపాగో పార్కులో రాతి గుట్టకు పెద్ద రంధ్రం ఉంటుంది, పది నిమిషాలు ఎక్కితే చాలు, అందులో కూర్చుని పొద్దు గూకడం చూడవచ్చు, డబ్బులు అడగరు. పపాగో అనేది టొహోనో ఓడం వాళ్లకు ఇతరులు పెట్టిన పేరు. 1986లో వాళ్లు దాన్ని వదిలేసి తమ పేరు తాము తీసుకున్నారు. పార్కుకు మాత్రం పాత పేరే ఉంది.

రైలు సంగతి మరిచాం. 2025 జూన్ నుంచి రెండు లైన్లు చేశారు. టెంపే నుంచి హర్డ్ మ్యూజియానికి, ఇండియన్ స్కూలుకు పోవాలంటే డౌన్‌టౌన్‌లో దిగి ఇంకో రైలు ఎక్కాలి. మట్టి దిబ్బకు మాత్రం మారనక్కరలేదు. మన హాస్టల్ వాళ్లు ఎవరు వచ్చినా మా దగ్గర ఒక పరుపు ఖాళీగా ఉంది, ఇల్లు దొరికే దాకా ఉండవచ్చు. నంబరు వార్డెన్ సారు దగ్గరుంది.

వార్డెన్ సారుకు ఒక మనవి. వార్షికోత్సవానికి గోడలకు సున్నాలు వేయిస్తున్నామని ఫోన్‌లో అన్నారు. మూడో గదిలో కిటికీకి ఎడమ పక్క, చేయి పెట్టే ఎత్తులో, మా రెండు పేర్లు ఉంటాయి. వాటి కింద మాకంటే ముందు చదివిన అన్నలవి ఇంకా ఏడెనిమిది ఉన్నాయి. ఆ మూరెడు గోడ మాత్రం వదిలేయమని పని వాళ్లకు చెప్పగలరు.